బెల్లూ మైకూ లేని ఫోను

1998 వేసవిలో నన్ను తూర్పు గోదావరి జిల్లాలోని ఒక చిన్న పట్టణానికి జూనియర్ టెలికాం ఆఫీసరుగా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. ఆ కుటుంబం ఇంకా అక్కడే ఉంది, వాళ్ళ బియ్యం వ్యాపారమూ సాగుతూనే ఉంది. రామచంద్రపురానికి దగ్గర అనుకోండి, చాలు.

జె.టి.ఓ. అంటే ఎక్స్ఛేంజిలో దగ్గరుండి పని చేయించే అధికారి. కింద లైన్‌మన్లు, ఫోన్ మెకానిక్కులు. పైన సబ్ డివిజనల్ ఇంజినీరు, ఆయన పైన డివిజనల్ ఇంజినీరు. ఈ వరుస కాక పక్కనుంచి ఇంకో వరుస ఉండేది. దాని పేరు టెలిఫోన్ సలహా సంఘం. ఊళ్ళో పెద్దమనుషుల్ని అందులో సభ్యులుగా వేసేవారు. వాళ్ళు ఏం సలహా ఇచ్చేవారో ఆ దేవుడికే తెలియాలి. వాళ్ళింట్లో ఫోను పాడైతే మాత్రం మావాళ్ళు కంచం ముందునుంచి లేచి పరుగెత్తేవారు.

మా ఊరి సభ్యుడు వెంకటరత్నం గారు. బియ్యం హోల్‌సేల్ వర్తకుడు. రోడ్డు మీదికి కొట్టు, దాని వెనక ఇల్లు. నేను చేరిన కొత్తలో ఆయనే ఆఫీసుకు వచ్చి, అన్నవరం ప్రసాదం నా బల్ల మీద పెట్టి, "ఏ అవసరమొచ్చినా మొహమాటపడకండమ్మా" అని చెప్పి వెళ్ళారు. పద్ధతైన మనిషి అనుకున్నాను.

కొన్నాళ్ళకి ఆయన కోడలు లలిత బిల్లు కట్టడానికి వచ్చింది. బిల్లు కౌంటర్లో కట్టేసి నా గది గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే వచ్చి, తలుపు వైపు ఒకసారి చూసి చెప్పింది.

"మేడం గారూ, నేను మా అక్కతో మాట్లాడుతుంటే కాసేపటికి మాట సన్నబడిపోతుందండి. ఎవరో గొంతు నొక్కినట్టు. అక్క పెట్టేసేదాకా అంతే."

కంప్లయింట్ నంబరుకి ఫోన్ చేయకపోయారా అని అడిగాను.

"ఆ ఫోనులోంచే కదండీ చెయ్యాలి," అంది.

అప్పుడు గాని నా బుర్రకి ఎక్కలేదు. కూర్చోబెట్టి అడిగితే మిగతాది చెప్పింది. ఆమెకి టీచరు ఉద్యోగానికి సెలక్షన్ వచ్చింది. కాగితాలన్నీ సామర్లకోటలో అక్కగారి చిరునామాకి వస్తాయి, ఎందుకంటే మామగారికి ఈ ఉద్యోగం సుతరామూ ఇష్టం లేదు. భర్త తండ్రి ఎదుట నోరెత్తే మనిషి కాడు. సర్టిఫికెట్ల తనిఖీకి కాకినాడ వెళ్ళాలని అక్కతో ఫోనులో అనుకుంటే, సరిగ్గా ఆ రోజుకే మామగారు అన్నవరంలో వ్రతం పెట్టించి ఇంటిల్లిపాదినీ కారెక్కించారు. ఆఫీసువాళ్ళు దయతలచి ఇంకో రోజు రమ్మన్నారు కాబట్టి సరిపోయింది. ఇక మిగిలింది కౌన్సెలింగ్. ఆ రోజు హాజరు కాకపోతే పోస్టు తర్వాతివాళ్ళకి పోతుంది. ఆ తేదీ అక్క ఫోనులోనే చెప్పాలి. హాల్లో ఎవరూ లేనప్పుడే మాట్లాడుతున్నా ఇంట్లో అన్నీ ముందే తెలిసిపోతున్నాయని ఆమె భయం.

మా దగ్గర టెస్ట్ డెస్క్ అని ఒకటుండేది. ఏ ఇంటి లైనునైనా మీటరుకి తగిలించి చూసే బల్ల. ఫోను పెట్టేసి ఉన్నప్పుడు లైను మీద వోల్టేజి బాగా ఉంటుంది, రిసీవరు ఎత్తగానే పడిపోతుంది. అదే లైను మీద ఇంకో ఫోను ఎత్తితే మరికాస్త పడుతుంది, మాట బలం కూడా ఇద్దరికీ పంచుకుపోయి సన్నబడుతుంది. ముందు ఫోను పెట్టేసి ఉండగా బెల్లుల లెక్క చూశాను. మీటరు ముల్లు ఒక్క బెల్లే ఉందని చెప్పింది. రెండో ఫోను ఉంటే రెండో బెల్లు ఉండాలి కదా! అర్థం కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం లలిత రోజూలాగే అక్కకి ఫోన్ చేసింది. నేను హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టేసి ముల్లు మాత్రమే చూస్తూ కూర్చున్నాను. వినడానికి నాకు హక్కు లేదు, ఆసక్తీ లేదు. కాల్ కలిసింది, ముల్లు పడింది. ఇద్దరూ కుశలప్రశ్నలు వేసుకునేంత సేపు గడిచిందో లేదో ముల్లు ఇంకాస్త కిందికి దిగి అక్కడే కూర్చుంది. మూడో మనిషి రిసీవరు ఎత్తాడు. ఆ ముల్లుని చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

లైను తనిఖీ చేసే అధికారం నాకుంది. ఆ ఏరియా మెకానిక్ సత్తిబాబుని వెంటబెట్టుకుని వెళ్ళాను. దారంతా అతను ఎందుకో నీళ్ళు నములుతూనే ఉన్నాడు. హాల్లో ఫోను పెట్టె విప్పితే వెనకనుంచి ఇంకో వైరు బయటికి పోతోంది. అది కిటికీ సందులోంచి పెరట్లోకి, సన్నజాజి పందిరి మీదుగా కొట్టు వెనక గదిలోకి వెళ్ళింది. ఆ గదిలో వెంకటరత్నం గారి పడక కుర్చీ. కుర్చీ పక్కన గూట్లో తువ్వాలు కప్పిన ఫోను. కొత్త రకం, బటన్లది.

ఎత్తి "హలో" అన్నాను. హాల్లో ఫోను పట్టుకున్న లలితకి వినపడలేదు. అక్కడే స్క్రూడ్రైవర్ తీసి విప్పాను. బెల్లు వైరు కత్తిరించి ఉంది. అందుకే నా మీటరుకి అది దొరకలేదు. రిసీవరులో మైకు పీకేసి ఆ ఖాళీలో దూది కుక్కి ఉంది.

బెల్లు ఎందుకు తీశావని సత్తిబాబుని అడిగితే, గోలగా ఉందన్నారండి అన్నాడు. మరి మైకు?

"నేను దగ్గితే అటు వినపడుతోంది, తీసెయ్యరా అన్నారండి," అని తల దించుకున్నాడు.

ఈలోగా వెంకటరత్నం గారు కొట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పేరలల్ ఫోను ఎందరో పెట్టుకుంటారు. మేడ మీద ఒకటి, కింద ఒకటి, అదో సౌకర్యం. మోగని, మాట్లాడని ఫోను ఎవరికి కావాలండీ? ఇంటి కోడలు అక్కతో చెప్పుకునే కష్టసుఖాలు దగ్గు కూడా వినపడకుండా పడుకుని వినేవాడికే కావాలి. పైగా నుదుటి మీద విభూతి రేఖలొకటి!

ఆయన మాత్రం చెక్కుచెదరలేదు. "ఫోను నా పేరున ఉందండి. బిల్లు నేను కడుతున్నాను. నా ఇంట్లో నా ఫోను నేను వింటే తప్పేంటండి?" అన్నారు.

నేను ఆ పరికరాన్ని పీకి, అనధికార కనెక్షన్ అని రిపోర్టు రాసి పైకి పంపాను. రిపోర్టు కంటే ముందు ఆయన ఫోను వెళ్ళింది. డివిజనల్ ఇంజినీరు గారు నన్ను లైన్లోకి పిలిచి, పెద్దాయన, సలహా సంఘం సభ్యుడు, గొడవెందుకమ్మా అన్నారు. పేరలల్‌ని రెగ్యులరైజ్ చేసెయ్యండి, ఫీజు కట్టేస్తారట. అంటే దొంగచాటుగా వినడానికి రసీదు ఇవ్వమని! సరే సార్, అలాగే చేస్తాను, కానీ మన రూల్స్‌లో రహస్య సౌకర్యం ఉన్న ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది, అదే బిగిస్తాను అన్నాను. అందులో ఒకరు మాట్లాడుతుంటే రెండో ఫోనుకి ఏమీ వినపడదు. ఆయన ఫోను పెట్టేశారు.

వెంకటరత్నం గారికి ఆ రకం అక్కర్లేకపోయింది. రెండో రోజు షిఫ్టింగుకి దరఖాస్తు పెట్టారు. ఇంట్లో ఫోను తీసేసి కొట్లో పెట్టాలట. అది చందాదారు హక్కు. ఎవరూ కాదనడానికి లేదు. మామూలు జనం ఫోను పక్క వీధికి మార్చమని చెప్పులరిగేలా తిరిగే ఆఫీసు మాది. ఆయన పని సాయంత్రానికల్లా అయిపోయింది. ఆదేశం మీద సంతకం నాదే. పళ్ళు కొరుక్కుంటూ పెట్టాను.

ఆ వారంలోనే లలిత అక్కగారు సామర్లకోట నుంచి నేరుగా నా ఆఫీసుకి ఫోన్ చేశారు. కౌన్సెలింగ్ తేదీ వచ్చిందట, మధ్యలో ఒక్క రోజే ఉందట. ఇంటికని చేస్తే కొట్లో మోగింది. వెంకటరత్నం గారే ఎత్తి, పిల్లలు బాగున్నారా అని ఆప్యాయంగా అడిగి, అలాగేనమ్మా చెబుతాను అన్నారట. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. "ఆయన చెప్పరండీ. మా చెల్లి జీవితమండీ ఇది," అని ఆవిడ ఫోనులోనే ఏడ్చేసింది.

ఫోను మార్చాక పాత వైరు ఊడదీసి స్టోరుకి తెచ్చుకోవడం మా శాఖ పద్ధతి. ఆ పని మీద వెంటనే ఒక లైన్‌మన్‌ని తీసుకుని పెరటి గుమ్మం గుండా నేనే వెళ్ళాను. లలిత మంచినీళ్ళు తెచ్చింది. అత్తగారు అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నారు. గుసగుసలు నాకు చేతకావు. ఆవిడ ఎదుటే గొంతెత్తి చెప్పాను.

"అమ్మా, మీ అక్క గారు ఫోన్ చేశారు. ఎల్లుండి పొద్దున్న కాకినాడలో కౌన్సెలింగ్. ఒరిజినల్స్ అన్నీ తీసుకెళ్ళాలట."

అత్తగారు తలెత్తి నన్ను చూశారు, కోడల్ని చూశారు, మళ్ళీ చేటలోకి చూపు దించుకున్నారు. కౌన్సెలింగ్ రోజున లలిత మొదటి బస్సుకే వెళ్ళిపోయిందనీ, మధ్యాహ్నం భోజనం దగ్గర మామగారు అడిగితే తలనొప్పని పడుకుందండీ అని అత్తగారే చెప్పారనీ తర్వాత తెలిసింది. లలితకి సామర్లకోట అవతల ఒక పల్లెలో పోస్టింగ్ వచ్చింది, చేరింది. తర్వాత అక్కడే ఇల్లు తీసుకుని, ఫోను తన పేరున పెట్టించుకుంది.

ఇక మిగిలింది నా సంగతి. వెంకటరత్నం గారు పై ఆఫీసుకి ఫిర్యాదు రాశారు. టెలిఫోన్ అధికారిణి ఒకరు చందాదారు కుటుంబానికి సంబంధించిన సమాచారాన్ని సిబ్బంది ఎదుట బహిరంగంగా వెల్లడించి, వారి గోప్యతకు భంగం కలిగించారట. ఈ మాట అన్నది ఎవరు? మైకు పీకి దూది కుక్కించిన మహానుభావుడు! ఆ గోప్యత మాటనే ఎత్తిరాసి నాకు మెమో పంపారు. ఏ నిబంధన కింద సందేశం చేరవేశారో వివరణ ఇమ్మన్నారు. జరిగింది జరిగినట్టు రాశాను, ఆ ఫోను లోపల ఏముందో కూడా రాశాను. చివరికి నా సర్వీసు రికార్డులో మందలింపు పడింది. సత్తిబాబుని నోటిమాటగా కసిరి వదిలేశారు. వెంకటరత్నం గారిని సలహా సంఘంలో మళ్ళీ సభ్యుడిగా వేశారు.

ఆ కోపంతోనే మా నిబంధనల పుస్తకాలు మొదటినుంచి చివరిదాకా చదివాను. వైరుకి రక్షణ ఉంది, పరికరానికి ఉంది, బిల్లు కట్టే చందాదారుకి ఉంది. రిసీవరు పట్టుకుని మాట్లాడే మనిషి గురించి నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా కనిపించలేదు. తర్వాత కొన్నేళ్ళకి సెల్‌ఫోన్లు వచ్చాయి. సిమ్ము కొన్న మర్నాడే అప్పు కావాలా, ఇన్సూరెన్సు కావాలా అని కాల్స్ మొదలు. నా నంబరు మీకెవరిచ్చారమ్మా అంటే, సిస్టమ్‌లో ఉందండీ అంటుంది అవతలి పిల్ల. ఆ పిల్లని ఏమనను? కంపెనీవాణ్ణి నిలదీస్తే సంతకం పెట్టారు కదండీ, నెట్‌వర్కు మాది కదండీ అంటాడు. నా చెవికి అది పడక కుర్చీలోంచి వచ్చిన మాటలాగే ఉంది. సొమ్ము ఎవరిదో చెబుతారు, మాట ఎవరిదో ఒక్కడూ చెప్పడు. పైగా వీళ్ళందరూ మర్యాదకేం లోటు చేయరు, అండీ అనకుండా వాక్యం ముగించరు.

పదవీ విరమణ రోజున నా సర్వీసు రికార్డు చేతికిస్తే తిరగేశాను. నా ఉద్యోగ జీవితం మొత్తంలో మా శాఖ గోప్యత అనే మాట నాకు కాగితం మీద రాసింది ఆ మెమోలో ఒక్కసారే. అప్పటినుంచి ఆ మాట ఎక్కడ కనపడినా, ఎవరిని కాపాడడానికి రాశారో ముందు చూస్తాను. ఆ మెమోలో మాత్రం చాటుగా విన్నవాణ్ణి కాపాడడానికి రాశారు.