మొగుడి గురించే అడిగారు

ముట్టు ఆగి చాలా రోజులయ్యాక ఒక ఉదయం దుప్పటి మీద రక్తపు మరక కనిపించింది. నాకంటే ముందు నేస్తమే చూసింది. పందొమ్మిది వందల అరవైల చివరి మాట ఇది.

మా వైపు మనసు కలిసిన ఇద్దరు ఆడవాళ్లు నేస్తం కడతారు. ఒకరికొకరు చీరలు పెట్టుకుంటారు, ఆపైన పేరు పెట్టి పిలుచుకోరు. నా మొగుడు పెళ్లయిన రెండేళ్లకే పోయాడు. ఆమె మొగుణ్ణి వదిలేసి వచ్చింది. గజపతినగరంలో ఒకే కంచం, ఒకే మంచంగా బతికాం. ఊరు దాన్ని సామెతగానే తీసుకుంది. మాకు మాత్రం అదే కాపురం.

విజయనగరంలో డాక్టరమ్మ, భర్తతో కలిసినప్పుడు బ్లీడింగ్ అవుతోందా అని అడిగింది. లేదన్నాను. లేని మొగుడితో ఏం కలుస్తాను? విధవనని తెలిశాక లోపల పరీక్ష చేయనే లేదు. బలహీనతని టానిక్ రాసింది.

మామిళ్ల కాలం వెళ్లేసరికి నడుము నొప్పి, దుర్వాసన మొదలయ్యాయి. సిగ్గుపడి వేరే చాప వేసుకున్నాను. నేస్తం ఊరుకుంటుందా? విశాఖ పెద్దాసుపత్రికి లాక్కెళ్లింది. అక్కడా అదే ప్రశ్న. నేను తల వంచుకున్నాను.

“మొగుడు పోనాడమ్మా. నానున్నాను. నాతో కలిసినప్పుడే రగతం అగుపిస్తన్నాది” అంది నేస్తం.

డాక్టరమ్మ గొంతు తగ్గించి, “గర్భసంచి మూతి నుంచి స్మియర్ తీసి చూడాలి. నువ్వూ తీయించుకోమ్మా” అంది నేస్తంతో.

“ముందు దీన్ని సూడండి.”

స్మియర్ తరువాత బయాప్సీ చేశారు. క్యాన్సరన్నారు. లోపల రేడియం పెట్టినన్నాళ్లూ, దాని కిరణాలు తగలకూడదని నా దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. నేస్తం వరండాలోనే ఉంటానంది. కానీ ఆ రోజు డాక్టరమ్మతో ఆమె అన్న మాట విన్న మా ఊరామె ఒకతి దాన్ని ఊరికి మోసింది. నేస్తం అన్నలొచ్చి, శ్రీకూర్మం దగ్గర వాళ్ల ఊరికి తీసుకుపోయారు. నేను బయటికొచ్చేసరికి వరండా ఖాళీ. రోగం పేరు విన్నప్పుడు కూడా అంత ఏడవలేదు.

నాకు నయమైంది. చెకప్‌లకు ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. ఒకసారి శ్రీకూర్మం గుడి మెట్ల దగ్గర ఆమె ఎదురుపడింది, వెనకాలే వదిన. పరీక్ష చేయించుకున్నావా అని అడిగాను.

“నన్నెవులు తీసుకెల్తారు, నేస్తం?”

మళ్లీ కలవనివ్వలేదు. ఇప్పుడు ముసలిదాన్నయ్యాను. ఒక్కదానికే వండుకుంటున్నాను, ఎప్పుడూ అన్నం మిగులుతుంది.

మాలాంటి చెల్లెళ్లకు ఒకటే చెబుతాను. డాక్టరు మొగుడి గురించే అడిగినా మీరు మీ మనిషి గురించి చెప్పండి. పరీక్షకు ఇద్దరూ ఒకే రోజు వెళ్లండి. “ముందు నువ్వు, తరువాత నేను” అనుకోకండి. మాకు ఆ ‘తరువాత’ రానే లేదు.