బుట్టా? మేనమామా?

విజయవాడ గవర్నర్‌పేటలో ఎవరు దూరప్రయాణం పెట్టుకున్నా ముందు వెంకటసుబ్బారావు ఎలక్ట్రికల్ షాపు మెట్లెక్కాల్సిందే. ఆయనేం టికెట్లు అమ్మడు. ఊరికే పోల్చి చెబుతాడు. రైలయితే నడుం వాల్చొచ్చు గానీ వెయిటింగ్ లిస్టు గండం. బస్సయితే ఇంటి దగ్గరే ఎక్కొచ్చు గానీ ఒళ్లు హూనం. విమానమయితే ఇట్టే దిగొచ్చు గానీ గన్నవరం వెళ్లి కూర్చోవడమే ఓ ప్రయాణం. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, సొంత మేనకోడలి పెళ్లికి మాత్రం ఆ మహానుభావుడికి ఏదీ తేలలేదు.

పెళ్లి బెంగుళూరులో. చెల్లెలు కనకలక్ష్మి, భర్త పోయాక ఒంటిచేత్తో పెంచుకున్న పిల్ల రుచిత. పెళ్లికూతుర్ని వెదురుబుట్టలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకెళ్లాల్సింది మేనమామ. రుచితకున్న మేనమామ ఈయనొక్కడే. భార్య శివపార్వతి ముందే వెళ్లిపోయింది. ఈయన మాత్రం "విమానం రేటు ఇంకా తగ్గుద్దిలే" అంటూ ఫోను చూస్తూ కూర్చున్నాడు. తగ్గలేదు సరికదా, పెరిగి కూర్చుంది. రైలు టికెట్ వెయిటింగ్‌లోనే మిగిలిపోయింది. తెల్లారితే పెళ్లి!

పైగా ఆ బుట్టొకటి. మేనమామ ఇంటి బుట్టలోనే పిల్ల రావాలని పంతం పట్టి ఉయ్యూరులో అల్లించాడు. విమానంలో ఒక్క సీటుంది, అంత బుట్టని మాత్రం రానివ్వరట. షాపులో అటూ ఇటూ తిరిగాడు. కూర్చున్నాడు, లేచాడు. ఇంతలో కనకలక్ష్మి ఫోను.

"బుట్ట ఇక్కడా దొరుకుద్ది అన్నయ్యా. నువ్వు దొరకవు. దేవుడి పేరు చెప్పి ఏదో ఒకటి ఎక్కు!"

"ఎక్కుతాలే కనకం, ఒక్క నిమిషం..." అని ఫోను పెట్టేసి చూస్తే ఆ సీటూ పోయింది.

బుట్ట ఆటోలో వేసుకుని బస్సుల దగ్గరికి పరుగెత్తాడు. అన్నీ నిండిపోయాయి. కాళ్లావేళ్లా పడితే ఒక డ్రైవరు క్యాబిన్‌లో కాస్త చోటిస్తానన్నాడు.

"మీరా, బుట్టా, ఎవరో ఒకళ్లేనండీ."

మొదటిసారి ఆయన పోల్చలేదు. బుట్టని రోడ్డు పక్కన దింపేసి ఎక్కాడు.

పొద్దున బెంగుళూరు పొలిమేరలో బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఆగలేక దిగి, కొంత దూరం నడిచి, ఆటో పట్టుకుని, వాడితో పోట్లాడి, చెమటతో మండపంలోకొచ్చి పడ్డాడు. పంతులుగారు ముహూర్తం దాటిపోతుందని కేకలేస్తున్నారు. పెళ్లివారి కుర్రాళ్లు, అక్కడే కొన్న బుట్టలో రుచితని కూర్చోబెట్టి ఎత్తబోతున్నారు. కనకలక్ష్మి బుట్ట అంచు పట్టుకుని, "మా అన్నయ్య రాకుండా ఎవరూ చెయ్యేయొద్దు" అని మొండిగా నిలబడి ఉంది. అన్నని చూసి తిట్టబోయి, అంచు వదిలి పక్కకి జరిగింది.

ఆయనే ముందు చెయ్యి వేశాడు. అందరూ కలిసి లేపారు. బుట్టలోంచి రుచిత తలొంచి, ఆయనకి మాత్రమే వినబడేలా అంది.

"మామయ్యా, రేపే వెళ్లిపోకు. నేనెళ్లాక అమ్మ ఒక్కతే ఇంటికెళ్లాలి."

"వెళ్లనమ్మా" అన్నాడు. కళ్లు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.