తెర ఎడమ అంచున మెరుపు

పక్కింటి అత్త చనిపోయిందని మొన్న ఆదివారం పొద్దున్నే నాన్న వచ్చి చెప్పాడు. "అత్త లేదమ్మా ఇంక" అని గుమ్మంలోనే నిలబడిపోయాడు. వారాల తరబడి ఎదురుచూస్తున్న వార్తే. అయినా నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి ఆమె మిడిల్ పాయింట్ పేటలో కంప్యూటర్ నేర్పిన టీచర్. ఆస్టినాబాద్‌లో మాకు గోడ పక్క మనిషి. చుట్టరికమేమీ లేదు. రెండు ఇళ్ల పెద్దవాళ్లూ శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకు వచ్చినవాళ్లే కాబట్టి నాన్న ఆమెను చెల్లెమ్మా అనేవాడు, అలా నాకు అత్తయింది. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెయింటింగ్ బ్రష్ ఉండేది. కంప్యూటర్ లోపలి దుమ్ము దులపడానికి. బజారుకైనా, పెళ్లికైనా దానితోనే వెళ్లేది. ఎవరైనా నవ్వితే, "నీ ముక్కులో దుమ్ముంటే చెప్పు, దులిపేస్తాను" అనేది.

పోయిన వానాకాలంలో నా కంప్యూటర్ తెర పిచ్చెక్కినట్టు తయారైంది. మెయిన్‌లాండ్‌లోని ఒక యానిమేషన్ కంపెనీకి నా బొమ్మలు పంపాల్సిన వారం అది. బొమ్మ తెరిస్తే చాలు ఆకుపచ్చ గళ్లు, ఊదా గీతలు, ముఖాలు అడ్డంగా చీలిపోవడం. కేబుల్ మార్చాను, డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, సెట్టింగులన్నీ తిప్పాను. అన్నీ ఒకేసారి. నా తీరే అంత. చివరికి గోడ మీంచి అత్తను పిలిచాను.

"ఏటేటి మార్చావు?"

"అన్నీ మార్చేశాను అత్తా."

"వాహ్! ఇప్పుడది బాగుపడినా ఎందుకు బాగుపడిందో నీకు తెలీదు, నాకూ తెలీదు. చల్, సబ్ వాపస్ కర్, అన్నీ ముందులాగే పెట్టీ. ఒకసారికి ఒకటే."

నన్ను కుర్చీలోంచి లేపి తను కూర్చుంది. స్క్రీన్‌షాట్ తీసి నా ఫోన్‌కి పంపింది. గళ్లు ఫోన్‌లోనూ కనిపించాయి. "చూసావా, మానిటర్ తప్పేం లేదు. తెర మీద కనబడింది కదాని తెరని తిట్టకు." తర్వాత కరెంటు తీసి, గ్రాఫిక్స్ కార్డు బయటికి లాగి, దాని బంగారు పళ్ల వైపు చూసి ఆగిపోయింది. వాటి నిండా గ్రీజు. దుమ్మంతా ముద్దగా అంటుకుని ఉంది.

గుమ్మంలో ఉన్న నాన్న గొంతు సవరించుకున్నాడు. "బోటు బ్యాటరీకి రాత్తాం కదా చెల్లెమ్మా, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా. పిల్లది ఊరెళ్లినప్పుడు దీనికి కూడా రాసీసినాను."

"అన్నయ్యా, రాయడం రాసావు, వల కూడా కట్టీకపోయావా? నాలుగు చేపలైనా పడేవి!"

నాన్న కూడా నవ్వాడు. ఆమె స్పిరిట్‌తో గ్రీజు తుడిచింది, రబ్బరుతో పళ్లు రుద్దింది, ముడిలోంచి బ్రష్ తీసి దులిపింది. కార్డు బిగించి ఆన్ చేస్తే నా బొమ్మలు కడిగిన ముఖాల్లా వచ్చాయి.

"ఇంకా ఉంది" అంది అత్త. "ఎడమ అంచున మెరుస్తోంది, చూడు."

నాకేమీ కనిపించలేదు. మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి నా ఫోన్‌లో చూసింది. అక్కడా ఎడమ పక్కనే మెరుస్తోందంది. ఫోన్ దించి తెల్ల గోడ వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"కార్డు ఠీక్ హై. గడ్‌బడ్ నాదే" అని నవ్వింది.

నేను నవ్వలేదు. రేపే ఆసుపత్రికి వెళ్దామన్నాను. ఆమె మాత్రం తన పద్ధతే పట్టుకుంది. ముందు కళ్లద్దాలు మార్చింది, కొన్ని వారాలు చూసింది. తర్వాత క్లాసులు తగ్గించుకుని చూసింది. ఆ తర్వాత తలనొప్పి మాత్రలు. "స్కాన్ తీయించుకో అత్తా, అన్నీ ఒకేసారి చూపించుకో" అని నేను గోడ దగ్గర రోజూ పోట్లాడేదాన్ని. "ఒకేసారి నాలుగు చేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తాది పిల్లా?" అనేది. "తెలియకపోతే ఏం? నువ్వు బాగుపడితే చాలదా?" అని ఒకరోజు అరిచేశాను. ఆమె నా భుజం మీద తట్టి లోపలికి వెళ్లిపోయింది. భయపడిందని ఇప్పుడనిపిస్తుంది. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయినన్నాళ్లూ, చూడాల్సింది ఇంకొకటి మిగిలి ఉంటుంది కదా.

చివరికి చెన్నై వెళ్లేసరికి మెదడు వెనక భాగంలో గడ్డ పెద్దదైపోయింది. ముందే వెళ్లి ఉంటే ఏమయ్యేదో డాక్టర్లు చెప్పలేదు. మావయ్య అడగలేదు. నేను మాత్రం మనసులో ఇంకా అడుగుతూనే ఉన్నాను. నాకు ఓపిక నేర్పింది ఆమే. నేను ఈరోజు చేస్తున్న పనంతా ఆ ఓపిక మీదే నిలబడింది. ఆ ఓపికే ఆమెను తినేసిందేమోనన్న ఆలోచనను ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

తిరిగొచ్చాక ఆమెకు ఎడమవైపు లోకం లేదు. చీకటిగా ఉంటుందా అని అడిగితే, "చీకటైతే తెలిసేది. అక్కడ అసలేం లేదు" అంది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఆమెకు కుడివైపునే కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి అన్నం తింటోంది. కంచంలో కుడి సగమే ఖాళీ అయింది. ఎడమ సగంలో అన్నం, చేప ముక్క అలాగే ఉన్నాయి. "అయిపోయింది, ఈరోజు తక్కువ వడ్డించావే" అంది మావయ్యతో. మావయ్య వంగి, రెండు చేతులతో కంచాన్ని నెమ్మదిగా తిప్పాడు.

"అరే, ఇంకా ఉంది!" అని అత్త సంతోషంగా మళ్లీ చెయ్యి పెట్టింది.