మంచంతో సహా ఊరు విడిచిన రోజు

ఎద్దులను అమ్మేశాక నేను మంచం దిగడం మానేశాను. జబ్బేమీ లేదు. డాక్టరు చూసి బలానికి మాత్రలు రాసిచ్చాడు. మా పెద్దమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. మాత్రలూ మింగాను, తాయెత్తూ కట్టుకున్నాను. రెండూ వాటి పని అవి చేసే ఉంటాయి, నాకు మాత్రం తేడా తెలియలేదు.

మాది కుందుర్పి పక్క మెట్ట పల్లె. తొంభైల చివర్లో వానలు వరుసగా తప్పాయి. శెనక్కాయ చెట్టు ఊడలు దిగకముందే మాడిపోయేది. మేత లేక ఎద్దుల డొక్కలు లోపలికి పోయాయి. సంతకు తోలుకుపోయింది నేనే. పశువును అమ్మినా పలుపుతాడు ఇవ్వకూడదని మా వాడుక కాబట్టి, ఒట్టి పలుపులు భుజాన వేసుకుని తిరిగొచ్చిందీ నేనే. అంతకుముందు తెల్లవారక ముందే లేచేవాణ్ణి, వాటికి మేత వెయ్యాలని. మర్నాడు కూడా ఆ వేళకే మెలకువ వచ్చింది. ఎందుకు లేవాలో తెలియలేదు. పడుకున్నవాణ్ణి అలాగే పడుకున్నాను.

పంచలో నులక మంచం, కంటికెదురుగా ఖాళీ కొట్టం. బాధపడ్డానని అనుకోకండి. బాధయితే ఏడ్చి తేలికపడేవాణ్ణి. లోపల ఏమీ లేదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నేను పడుకుని తినేవాణ్ణి. మాకు కొండల్లేవు గనుక కరిగింది నా భార్య ఒళ్లు. ఆమె మా అక్క కూతురే. నీళ్లు మోసేది ఆమె, కూలికి పోయేది ఆమె, పాపకు జడ వేసేదీ ఆమె.

ఒకరోజు నా ముందర చెంబు పెట్టి, నిలబడే చెప్పింది.

"మామా, ఊరు విడిచేది అయిపోయినంక బెంగుళూరుకు పోతాండా. మా అన్నోళ్లు బిల్డింగు పనికి పోతాండారు. పాపను గూడా పిల్చుకపోతా. నువ్వు వస్తావో, ఈడనే ఉంటావో చెప్పు."

నేను ఖాళీ కొట్టం వైపే చూస్తూ పడుకున్నాను. ఆమె పోతే ఇక ఎప్పటికీ లేవనని నాకు తెలుసు. ఆమె చెంబు తీసుకుని పోయింది.

ఊరు విడవడమంటే మా వైపు వాన కోసం చేసే పని. పెద్దలు ఒక మంగళవారం చెబుతారు. ఆ రోజు తెల్లవారకముందే పొయ్యిలన్నీ ఆర్పి, పిల్లా మేకా కోడీ కుక్కా అందరూ ఊరు దాటి పోవాలి. ప్రతి ఇంటి గడపకూ తుమ్మకంప అడ్డం పెడతారు. ఇంటి పెద్ద చేతుల మీదుగానే కంప పెట్టాలి, పొద్దు మునిగాక తిరిగొచ్చి ఆ చేతులే తీయాలి. ఒక్క మనిషి ఊళ్లో మిగిలినా వాన రాదంటారు. ముందే చెప్పేస్తున్నాను, ఆ ఏడు అందరం విడిచినా వాన రాలేదు.

ఆ పొద్దున నేను లేవలేదు. ఊరి పెద్దాయన పంచ ముందర నిలబడ్డాడు.

"ఏమప్పా, లేస్తావా లేదా?"

నేను గోడవైపు తిరిగాను.

"లేయడంట. మంచంతో పాటే ఎత్తండ్రా."

నలుగురు మంచం నాలుగు కోళ్లు పట్టుకుని ఎత్తారు. నా భార్య కంప తెచ్చి నా చెయ్యి పట్టుకుని దానికి తాకించింది. అరచేతిలో ముళ్లు ఆనిన సంగతి కళ్లకు కనిపించింది కానీ చేతికి తెలియలేదు. కంపను ఆమే గడపకు అడ్డం పెట్టింది. వీధిలో ఒక ముసలవ్వ నన్ను చూసి, "పెండ్లికొడుక్కు గుర్రం, ఈయప్పకు మంచం" అంది. అందరూ నవ్వారు. నాకు సిగ్గు కూడా వేయలేదు.

చింతతోపులో దించారు. జనం వంటలు చేసుకున్నారు, తిన్నారు, పులిజూదం ఆడారు. నేను చింతకొమ్మలు చూస్తూ పడుకున్నాను. ఇంట్లో వాసాలు చూసేవాణ్ణి, ఇక్కడ కొమ్మలు. అంతే తేడా.

పొద్దు వాలింది. పశువులను మళ్లించారు. పొద్దున మోసిన నలుగురూ మంచం దగ్గరికి రాబోతే పెద్దాయన ఆపాడు.

"పోయేటప్పుడు మోసినారు, సరిపాయ. మంచం మీద మనిషిని ఊర్లోనుంచి బయటికి మోస్తారు గానీ, బయట్నుంచి ఊర్లోకి మోస్తారా యాడన్నా?"

ఒక్కొక్కరే కదిలిపోయారు. నా భార్య వచ్చి తలాపున నిలబడింది.

"లే మామా. మంచం కావల్ల."

"ఇంకాసేపు" అన్నాను.

"ఈ నులక అల్లింది నేను. నాది నేను ఎత్తుకపోతా. నీది నీ ఇష్టం."

మంచం ఒక పక్కకు వంచింది. నేను జారి నేల మీద పడ్డాను. ఆమె మంచాన్ని తిరగేసి నెత్తిన పెట్టుకుని నడిచింది. పాప కోడిపెట్టను చంకన పెట్టుకుని వెనకే పోయింది.

కాసేపు నేల మీదే పడుకుని చూశాను. చీమలు. ఎండుటాకులు. ఆరిన పొయ్యిల వాసన. దూరంగా నా మంచం, నాలుగు కోళ్లు పైకెత్తుకుని పోతూ ఉంది. భార్య కోసం లేచానని చెప్పుకుంటే బాగుంటుంది. నేను లేచింది మంచం కోసం. చెట్టుకూ చెట్టుకూ ఆనుకుంటూ నడిచాను.

నేను చేరేసరికి వీధిలో అందరి తలుపులూ తెరుచుకున్నాయి, పొయ్యిలు వెలిగాయి. మా గడపకు కంప అలాగే ఉంది. మంచం గోడకు నిలబెట్టి ఉంది. నా భార్య మెట్టు మీద కూర్చుని ఉంది, ఒళ్లో పాప ఆకలితో నిద్రపోయింది.

"నువ్వు తీయొచ్చు కదా" అన్నాను.

"పొద్దున తాకిన చెయ్యి నీది. నువ్వే తీయల్ల."

వంగి కంప పట్టుకుని లాగాను. ముల్లు అరచేతిలో దిగి విరిగింది. అబ్బా అన్నాను. ఆ గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె పాపను పక్కన పడుకోబెట్టి, గాజుకున్న పిన్నీసు తీసి, నా చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుంది. ముల్లు తీస్తూ తలెత్తకుండా అడిగింది.

"నొప్పి పెడతాండాదా?"

"పెడతాండాది" అన్నాను. "నేనూ వస్తా బెంగుళూరుకు."

ఏడాదిగా నా ముందర ఒక్కసారీ ఏడవని మనిషి, నా చెయ్యి వదలకుండా ఏడ్చింది.