వేలు దాటేసిన ఊరు

సియెనా దాకా మ్యాపు మీద ఎర్మెస్ వేలు తిన్నగానే వచ్చింది. అబెతోనె కనుమ దాటింది, లుక్కాలో ఒక రాత్రి ఆగింది, వోల్తెర్రా కొండెక్కి దిగింది. సియెనా తర్వాత మాత్రం ఎవరో అడ్డం నిలబడ్డట్టు పక్కకు ఒరిగి, రొక్కాల్వేనా అనే చిన్న ఊరిని చుట్టి వెళ్ళి ఓర్వియెతో మీద వాలింది.

బల్లకు ఇవతల కూర్చుని గుమ్మడికాయ చెక్కు తీస్తున్న అతని భార్య జెలిందా తల ఎత్తలేదు.

"మధ్యలో ఊరు ఏమైంది?"

"ఏ ఊరు?"

"నీ వేలు తొక్కకుండా దాటిందే, ఆ ఊరు."

"రొక్కాల్వేనానా? అక్కడేముంది, నాలుగు పిల్లులూ ఒక బావీ."

"చర్చి ఉంది. నేలకి ఐదొందల ఏళ్ళ నాటి టైల్స్ ఉన్నాయంట. పక్కింటి దీనా చూసొచ్చింది."

"దారి బాగోదు," అన్నాడు ఎర్మెస్, మ్యాపు మడుస్తూ.

అది సోమవారం. మంగళవారం అడిగితే ఆ ఊళ్ళో కారు నిలపడానికి చోటుండదన్నాడు. బుధవారం వైన్ పుల్లగా ఉంటుందన్నాడు. గురువారం చర్చి తాళాలు చెవిటి ఫాదరు దగ్గర ఉంటాయని, ఎంత పిలిచినా పలకడని చెప్పాడు. శుక్రవారానికి గాలి మిగిలింది. మే నెలలో అక్కడ గాలికి మనుషులు ఎగిరిపోతారట. ఒక్క కారణం చెప్పేవాడి దగ్గర నిజం ఉండవచ్చు. ఐదు చెప్పేవాడి దగ్గర ఆరోది ఉంటుంది, అదే అసలుది. ఇది జెలిందా లెక్క.

ఆ లెక్క ఆమెకు ఊరికే రాలేదు. పో నది అవతల, మాంతొవా దగ్గరి పల్లెలో పుట్టి, పందొమ్మిదో ఏట ఈ సస్సువోలో ఊరికి వచ్చి టైల్స్ ఫ్యాక్టరీలో చేరింది. బట్టీ నుంచి వచ్చిన టైల్స్ బెల్టు మీద కదులుతూ ఆమె ముందు నుంచి పోయేవి. ఆమె పని చూడడం. వెంట్రుకంత పగులు, సూదిమొనంత బుడగ, అంచున లేచిన పెచ్చు, పక్కదానికంటే ఒక పిసరు పాలిపోయిన రంగు, ఏది కనిపిస్తే దానికి తగ్గ గుర్తు పెట్టేది. ఒకటో రకం, రెండో రకం, తుక్కు. ఇరవై తొమ్మిదేళ్ళు అదే చూపు. ఫ్యాక్టరీ విడిచినా చూపు ఆమెను విడవలేదు. మాంసం కొట్టువాడి తక్కెడను, పాపాల ఒప్పుకోలు విన్న ఫాదరు మొహాన్ని, చుట్టాలు తెచ్చిన పళ్ళేలను, అన్నింటినీ వాలుగా వెలుతురుకు పెట్టి చూసేది. నున్నగా కనిపించినదాన్ని రెండోసారి చూడాలన్నది ఆమె నమ్మకం.

ఎర్మెస్ ముప్ఫై మూడేళ్ళు యాత్రల బస్సు నడిపాడు. రోముకు వెళ్ళే భక్తులు, సముద్రం చూడబోయే బడిపిల్లలు, రిటైరైన వాళ్ళ సంఘాలు, అందరినీ తిప్పాడు. "ముప్ఫై మూడేళ్ళు. బస్సు మీద గోటి గీత లేదు," అని పెళ్ళిళ్ళలో చెప్పేవాడు, చావు భోజనాల్లోనూ చెప్పేవాడు. ఊరందరి పెళ్ళాలకూ దేశం చూపించినవాడు సొంత పెళ్ళాన్ని మోదెనా సంత దాటించలేదు. రిటైరయ్యాక కూడా ఆరేళ్ళు స్టీరింగు మొహం చూడనన్నాడు. ఆ చలికాలం మాత్రం, ఎందుకో, తనే మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచి, "మే నెలలో పోదాం. పది రోజులు. పట్నాలూ పల్లెలూ అన్నీ," అన్నాడు. జెలిందా సంతోషించింది. సంతోషిస్తూనే, ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు పుట్టిందబ్బా అనుకుంది.

శనివారం అతను మంగలి దగ్గరికి వెళ్ళగానే అలమర పైఅర తీసింది. ఏడాదికొకటి చొప్పున అతని చిన్న డైరీలు అక్కడ ఉన్నాయి. ఏ రోజు ఏ ఊళ్ళో పడుకున్నాడో ఒక్కొక్క మాట, అంతే. ఆమె చెయ్యి నేరుగా 1981 మీదికి పోయింది. ఆ ఏడు మార్చిలో ఆమె తల్లి పోయింది. పందొమ్మిదో తారీఖు సాయంత్రం ఎర్మెస్ ఎప్పటిలా ఇంటికి ఫోన్ చేస్తే, అమ్మ పోయింది, రేపే మట్టి చేస్తున్నాం, రమ్మని ఏడుస్తూ చెప్పింది. గ్రొస్సెతో దగ్గర కొండచరియ విరిగిపడింది, దారి మూసేశారు, రాలేనన్నాడు. తరువాత నాలుగు రోజుల పేపర్లు ఆమె వరసగా తిరగేసింది. ఎక్కడా కొండచరియ మాట లేదు. అప్పుడు అడగలేదు. ఆ తర్వాత అడిగే సమయం దాటిపోయింది. కానీ మనసులో ఆ రోజుకు పెట్టిన గుర్తు చెరగలేదు.

డైరీలో పందొమ్మిదో తారీఖు మీద ఒక మాట రాసి, కాగితం చిరిగేంతగా కొట్టేసి ఉంది. జెలిందా కిటికీ దగ్గరికి వెళ్ళి కాగితాన్ని వాలుగా పట్టుకుంది. కుదరలేదు. వెనక్కి తిప్పి, కలం నొక్కుడికి పొడుచుకొచ్చిన అక్షరాలను వేలితో తడిమింది. గ్రొస్సెతో కాదు. రొక్కాల్వేనా.

డైరీ ఎక్కడ తీసిందో అక్కడే పెట్టి, కోటు వేసుకుని కాఫీ బారుకు నడిచింది. ఎర్మెస్‌తో పాటే బస్సులు నడిపిన నెల్లో కిటికీ పక్కన పేకాడుతున్నాడు.

"నెల్లో, రొక్కాల్వేనాలో ఏముంది?"

నెల్లో చేతిలో ఎక్కువ విలువున్న ముక్కను తక్కువ విలువదాని మీద పారేశాడు. ఎదుటివాడు నవ్వుకుంటూ తీసుకున్నాడు.

"ఏముంటుంది, ఒక ఊరు."

"ఎనభై ఒకటి, మార్చి."

"అంత పాత సంగతులు నాకెక్కడ గుర్తుంటాయి జెలిందా? నిన్న తిన్నదే గుర్తుండటం లేదు. మీ ఆయన్నే అడగరాదూ?"

"అడిగితే ఆరో కారణం చెబుతాడు. నువ్వు చెప్పు. అక్కడెవరైనా ఆడది ఉందా?"

నెల్లో ఆమెను ఎగాదిగా చూశాడు. నవ్వు ఆపుకున్నాడో జాలిపడ్డాడో తెలియని మొహం పెట్టాడు. "ఆడదా? అదే అయ్యుంటే పోనీ, వాడికి కాస్త మర్యాదగా ఉండేది," అని ముక్కల్లోకి తల దూర్చేశాడు.

ఆ మాటను ఎన్ని రకాలుగా తిప్పి చూసినా జెలిందాకు మంచి అర్థం దొరకలేదు. మర్యాద లేని ఆడదా? పెళ్ళైనదా? బిడ్డ గానీ ఉందా? సోమవారం పొద్దున్నే దీనా దగ్గర నంబరు తీసుకుని, రొక్కాల్వేనాలో గదులు అద్దెకిచ్చే బారుకు ఫోన్ చేసింది. ఒక ఆడగొంతు ఎత్తింది. మే పన్నెండుకు గది ఉందంది.

"ఏ పేరు మీద రాసుకోమంటారు?"

"తస్సోని. ఎర్మెస్ తస్సోని."

అవతల కలం బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"సస్సువోలో నుంచేనా? బస్సు నడిపే ఎర్మెసేనా?"

"మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటమ్మా," అని ఆ గొంతు నవ్వింది. కడుపులోంచి వచ్చిన, చనువున్న నవ్వు. ఎవరికో కేకేసి చెప్పింది, "ఇదిగో, ఎర్మెస్ వస్తున్నాడంట." వెనక నలుగురైదుగురు నవ్వారు. "ఇంతకీ ఆయనకి మీరేమవుతారు?"

"ఇంకా తెలీదు," అని జెలిందా ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర, "పన్నెండో తారీఖుకి రొక్కాల్వేనాలో గది తీసుకున్నాను," అంది.

ఎర్మెస్ చెంచా పళ్ళెంలో ఆగింది. "వద్దని చెప్పెయ్."

"చెప్పను."

"అయితే నేను రాను."

"రాకు. చియూసీ దాకా రైల్లో పోతాను. అక్కణ్ణుంచి బస్సుంటుంది. నడిపేవాడు నీలాంటివాడు కాకపోతే చాలు."

అతను లేచి కిటికీ తెరిచాడు, మళ్ళీ మూశాడు. "ఫోన్లో ఏం చెప్పారు?"

"నువ్వే చెప్పు."

అతను చెప్పలేదు. మే నెల వచ్చేదాకా చెప్పలేదు. అయినా చివరి వారం టైర్లలో గాలి కొట్టించి, ఆయిల్ మార్పించి సిద్ధమయ్యాడు. తాను ఒంటరిగా పోతే ఏం విని వస్తుందోనని భయపడి వస్తున్నాడని జెలిందాకు అర్థమైంది.

లుక్కా కోటగోడ మీద చెట్ల కింద నడిచారు. వోల్తెర్రాలో కుందేలు మాంసం తిన్నారు. అవేవీ ఆమెకు ఎక్కలేదు. ఎన్నాళ్ళనుంచో చూడాలనుకున్న ఊళ్ళ మధ్య ఆమె మొగుడినే చూస్తూ తిరిగింది. సియెనాలో పొద్దున అతను రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆమె ఆ చొక్కాకు కూడా గుర్తు పెట్టుకుంది.

రొక్కాల్వేనా కొండ మీద, చుట్టూ రాతిగోడతో ఉంది. ఎర్మెస్ కారును బయటే ఆపాడు. ఊరి ద్వారం కింద నడుస్తున్నంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. బారులో అడుగు పెట్టగానే అరవై దాటిన ఒకామె చేతుల పిండి దులుపుకుంటూ వచ్చి అతని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. జెలిందా ఆమెను నడుము నుంచి మడమల దాకా చూసింది. రెండో రకం అనుకుంది, కానీ ఆ వయసులో బాగుండే ఉంటుంది.

పేకాట బల్ల దగ్గరి ముసలాయన గొంతు పెంచాడు. "ఈసారైనా కొలత చూసుకుని వచ్చావా ఎర్మెస్?"

అందరూ నవ్వారు. ఎర్మెస్ నవ్వలేదు. అతను చూడకుండా తప్పించుకుంటున్న గోడ వైపు జెలిందా చూసింది. అద్దం బిగించిన పెద్ద ఫొటో. ఊరి ద్వారంలో ఒక బస్సు, సీసా మెడలో బిరడాలా ఇరుక్కుని ఉంది. దాని వెనక ఊరేగింపు. నలుగురి భుజాల మీద ఏసును పెంచిన తండ్రి పునీత జోజప్ప స్వరూపం, బాకాలు పట్టుకుని నోళ్ళు తెరిచిన వాయిద్యగాళ్ళు. బస్సు ముందు, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, ముప్ఫై ఎనిమిదేళ్ళ ఎర్మెస్.

ఆ పిండి చేతులామె పేరు ఫోస్కా. ఆపమన్నా ఆగే మనిషి కాదు. "జోజప్ప పండగ రోజమ్మా, మార్చి పందొమ్మిది. రోము నుంచి వస్తున్న యాత్రికులకి ఊరేగింపు చూపిద్దామని ఈయన దారి మళ్ళించాడు. పట్టదు బాబూ అని మావాళ్ళు మొత్తుకున్నారు. పడుతుంది, నేను కళ్ళతోనే కొలుస్తానన్నాడు. అటు రాదు, ఇటు పోదు. టైర్లలో గాలి తీశారు, పక్కలకి సబ్బు రాశారు, ఆలివ్ నూనె పోశారు. ఒకటిన్నర రోజు. పాపం, మా జోజప్ప కూడా ఊరి బయట కమ్మరి కొట్టంలోనే ఉండిపోయాడు."

జెలిందా కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోయి నవ్వు రాబోయింది. అంతలో ఫోస్కా గొంతు తగ్గించింది.

"పాపం, ఆ సాయంత్రమే అత్తగారు పోయిందని తెలిసింది. ఆ మూల ఫోన్ దగ్గరే ఏడ్చాడు. మా నాన్న ఎంత బతిమాలాడో. కారు తీస్తా, చియూసీలో రైలెక్కిస్తా, తెల్లారేసరికి నీవాళ్ళ దగ్గరుంటావు అన్నాడు. కదిలితేనా? బస్సు మెట్ల మీద కూర్చుని, దీన్ని విడిచి రానన్నాడు."

జెలిందా కుర్చీ వెనక్కి తోసింది. కాఫీ తాగకుండానే లేచి బయటికి నడిచింది. ఎర్మెస్ వెనకే వచ్చాడు. ద్వారం దగ్గర రాయి మీద, భుజమంత ఎత్తున, పొడుగాటి ఒరుపు గీత ఉంది.

"ఆడదనుకున్నాను," అంది. "ఇరవై ఎనిమిదేళ్ళుగా."

"ఎవరు? ఫోస్కానా?"

"పేరు తెలీదు. జుట్టు మాత్రం నల్లగా ఉండేది." ఆమె రాయి మీది నుంచి చూపు తిప్పలేదు. "ఆడదైతే తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, అయిపోయేది. కారు సిద్ధంగా ఉందంట కదా. ఎందుకు రాలేదు?"

"రైళ్ళు ఆ వేళకి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఒక ముసలామె కూరగాయల సంచీతో వాళ్ళను దాటి లోపలికి పోయేదాకా ఊరుకున్నాడు. "భయమేసింది. నేను లేనప్పుడు యజమాని వచ్చి చూస్తే ఉద్యోగం ఊడుతుందనుకున్నా. ఆయన వచ్చాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు, పోయాడు. నెల్లోని పిలిచి లాగించారు. మీ అమ్మ పోయిన రోజున నేను దర్వాజాలో ఇరుక్కున్నానని నీకే మొహం పెట్టుకుని చెప్పను? తర్వాత ఎప్పుడు చెబుదామన్నా అంతకంటే సిగ్గేసేది."

"పెట్టె మొయ్యడానికి ఒక మనిషి తక్కువయ్యాడు," అంది జెలిందా. "పాలబండి వాడు దారిన పోతుంటే పిలిచాం. అమ్మ వాడితో రోజూ పోట్లాడేది, నీళ్ళు కలుపుతున్నాడని. వాడే వచ్చి భుజం పట్టాడు."

ఈ సంగతి ఎర్మెస్‌కు తెలియదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

మర్నాడు చర్చికి వెళ్తే, మరమ్మతులని నేలంతా చెక్కలు పరిచి ఉన్నాయి. ఫాదరు చెవిటివాడు కాడు. ఆమె ఏ పని చేసేదో తెలుసుకుని, ఒక మూల చెక్క ఎత్తి చూపించాడు. జెలిందా మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. అంచులు విరిగాయి, నీలం ఒక్కోదానిలో ఒక్కోలా ఉంది. బెల్టు మీద వస్తే సగం తుక్కులోకే పోతాయని ఫాదరుతో అంది. అని, చేతిని మాత్రం వాటి మీదనే ఉంచింది.

బయటికి వచ్చాక కారు ముందుభాగం మీద మ్యాపు పరిచింది. పెన్సిలుతో ఓర్వియెతో కొట్టేసింది, పెరూజా కొట్టేసింది, ఉర్బీనో కొట్టేసింది.

"ఇక్కణ్ణుంచి మా అమ్మ దగ్గరికి ఎన్ని గంటలు?"

"ఐదు."

ఆమె మ్యాపు మీద వేళ్ళతో కొలిచింది. "నాలుగున్నర."

"కాఫీకి ఆగమా?"

"ఆగుదాం."

దారిలో ఒకచోట కాఫీకి ఆగారు. పో నది దాటాక అతనే ఒక కొట్టు ముందు ఆపి తెల్లపూలు కొన్నాడు. శ్మశానంలో జెలిందా కూజా పట్టుకుని గోడవారనున్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు నిండుతుండగా వెనక్కి తిరిగి చూసింది. ఎర్మెస్ ఆమె తల్లి సమాధి ముందు నిలబడి, రాతి మీది ఫొటోతో ఏదో చెబుతున్నాడు. చేతులు కదుపుతున్నాడు, రెండు అరచేతులూ ఎడంగా పెట్టి ఎంత వెడల్పో చూపిస్తున్నాడు. కూజా నిండి పొర్లుతున్నా ఆమె కుళాయి కట్టలేదు. అతను చెప్పడం పూర్తయ్యేదాకా అక్కడే నిలబడింది.

కారెక్కాక, "అమ్మతో ఏం చెప్పావు?" అని అడిగింది.

"అది మా ఇద్దరిదీ," అన్నాడు.

జెలిందా అతని మొహం వైపు ఒకసారి చూసి, ఆ మాటను అక్కడితో వదిలేసింది.