మా తాత వండిన తూటాల జెల్లీ

న్యూ సౌత్ వేల్స్‌లో పిస్తోలు తూటా అన్నది ఎంత లోతు దిగాలో, ఎక్కడ ఆగాలో మా తాత సత్యనారాయణమూర్తిని అడిగి గానీ కదిలేది కాదు. ఇందులో అతిశయోక్తి లేదు. ఆయన ముందు పేలిన తూటాలన్నీ బుద్ధిగా వచ్చి ఆయన స్కేలు పక్కనే పడుకున్నాయి. తుపాకీని మాత్రం ఆయన జన్మలో ముట్టుకోలేదు. ముట్టుకున్నది అంతకన్నా ఘోరమైన దాన్ని.

సంగతి 1979 నాటిది. అమలాపురం నుంచి సిడ్నీకి మెటలర్జీ చదవడానికి వచ్చి మూర్తికి ఏడాదిన్నర అయింది. ఇవాళ దోసెపిండి ప్యాకెట్లు దొరికే సిడ్నీ శివారు గిరావీన్‌లో అప్పుడు కోళ్ళఫారాలు, రేకుల షెడ్లు ఉండేవి. అలాంటి ఒక షెడ్డు పక్కగదిలో ఆయన అద్దెకుండేవాడు. ఇంటాయన పేరు మెర్వ్. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పిస్తోలు క్లబ్బులో పాత మెంబరు. కంపెనీ తూటాలన్నీ దండగ, తాను ఇంట్లో పోతపోసిన తూటాకు సాటి లేదు అన్నది ఆయన నమ్మకం. మూర్తి లోహాల గురించి చదువుతున్నాడని తెలియగానే గది ఇచ్చేశాడు. ఒకటే షరతు: శనివారాల్లో తన పరీక్షలకు చేతిసాయం చెయ్యాలి.

ఆ పరీక్ష ఏమిటంటే, డబ్బాలోని పసుపుపచ్చటి పొడిని వేడినీళ్ళలో కలిపి, రేకుపెట్టెల్లో పోసి, ఫ్రిజ్‌లో పెడితే మనిషి కండలాగా బిగువైన దిమ్మ తయారవుతుంది. దాన్ని క్లబ్బుకు మోసుకెళ్ళాలి. మెర్వ్ వారానికో కంపెనీ తూటాను అందులోకి పేలుస్తాడు. అది ఎంత లోతు దిగింది, ఎంత వెడల్పు చీల్చింది మూర్తి కొలిచి పుస్తకంలో రాయాలి. దిమ్మ వండటమూ మూర్తి పనే.

ఆ వంట కంపు చెప్పనలవి కాదు. తడిసిన కుక్కనీ, వడ్రంగి బంకనీ ఒకే గిన్నెలో కాచినట్టుండేది. పైగా ఫిబ్రవరి, అక్కడ మండువేసవి. పేల్చాక దిమ్మ చిల్లులో రెండు వేళ్ళు దూర్చి, జిగురులో ఇరుక్కున్న సీసం ముక్కను తడిమి లాగాలి. దిమ్మ చప్పరిస్తున్నట్టు వేళ్ళను పట్టుకుని ఒక పట్టాన వదిలేది కాదు. వాడిన దిమ్మను పారేస్తే బాగుండును. మెర్వ్ దాన్ని ముక్కలు చేయించి, మళ్ళీ కరిగించి పోయించేవాడు. మూడో కాపుకల్లా అందులో మసి, ఈగలు, మెర్వ్ సిగరెట్ బూడిద అన్నీ చేరేవి.

దానికన్నా రోత, చుట్టూ నిలబడ్డ మనుషుల సరదా.

"చూశావా సాట్! ఇదే ఒకడి లివర్ అయితే? గుడ్‌నైట్ మేట్, గుడ్‌నైట్!" అంటూ, సత్యనారాయణ అనడానికి నోరు తిరగని మెర్వ్ ఆ చిల్లును పసిపిల్ల బుగ్గను నిమిరినట్టు బొటనవేలితో నిమిరేవాడు. క్లబ్బు ముసలాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. అట్టముక్క మీద గురిచూడటం తప్ప ఏనాడూ ఎలకనైనా చంపనివాళ్ళు. పరాయివాడి కాలేయం మీద వీళ్ళకింత మోజెందుకో మూర్తికి అర్థమయ్యేది కాదు. గొంతులోకి చేదు ఎగదన్నేది. మింగి, అంకె రాసేవాడు.

మింగక ఏం చేస్తాడు? థీసిస్‌కి ఆరువారాలే గడువుంది. ఈ గది పోతే ఉన్న ఒకే ఒక దిక్కు వెస్ట్‌మీడ్‌లో రాయప్ప గది. అక్కడ అప్పటికే నలుగురు. టైప్‌రైటర్ పెట్టుకోవడానికి జానెడు చోటు లేదు.

ఈ రాయప్ప బాపట్లవాడు. కొత్తగా కట్టిన ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తూ చదువుకునేవాడు. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మూర్తి గదికి వచ్చాడు.

"ఏందిరా అయ్యోరూ, ఈ డబ్బా నీ గదిలో ఉందేంది?"

"జెలటిన్‌రా. ఏదో కెమికల్. టెస్టింగ్‌కి."

రాయప్ప మూత తీసి వాసన చూశాడు. మంచం మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు.

"కెమికలా! మా కిచెన్‌లో పేషెంట్లకి జెల్లీ చేసేది దీంతోనేరా. పందితోలు! నెలరోజుల్నించీ ఆవకాయ కలిపినట్టు పిసుకుతున్నావు గదరా!"

"ఛీ! నిజం చెప్పు."

"యేసు మీద ఒట్టు. వేళ్ళుగానీ నాకావా?"

నాకలేదు. కానీ అదే చేత్తో నెలరోజులు పెరుగన్నం కలుపుకున్నాడు. ఆ మధ్యాహ్నం మూర్తి నాలుగుసార్లు స్నానం చేశాడు. సబ్బు సగానికి అరిగింది కానీ వేళ్ళ మీద జిగురు పోయినట్టు అనిపించలేదు.

అప్పటికి కంపెనీ తూటాల లెక్క అయిపోయింది. ఆఖరి శనివారం మెర్వ్ సొంత తూటా ఒక్కటే మిగిలింది. ఒక్క దిమ్మ. మూర్తి సిటీలో చైనావాళ్ళ కొట్టుకు వెళ్ళి చైనా గ్రాస్ కట్టలు కొనుక్కొచ్చాడు. వాళ్ళమ్మ పాలలో వేసి చల్లగా ముక్కలు కోసిపెట్టే చైనా గ్రాస్. సముద్రపు నాచు నుంచి తీసింది, శుద్ధ శాకాహారం. కంపు లేకుండా మరిగింది, అద్దంలా గడ్డకట్టింది. రంగు కలవడానికి చిటికెడు పసుపు కూడా వేశాడు. ఆ పసుపుకి ఆయన ఎంతో మురిసిపోయాడు.

శనివారం మెర్వ్ తూటా తగలగానే దిమ్మ పుచ్చకాయలా నిలువునా పగిలింది. క్లబ్బు క్లబ్బంతా కేకలు పెట్టింది. మెర్వ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏ కంపెనీదీ ఇందులో పావువంతైనా చీల్చలేదు! సాట్, రాసుకో. దీన్ని క్లబ్బు పత్రికలో వేస్తాం. కింద నీ సంతకం. యూనివర్సిటీ మెటలర్జిస్ట్ సంతకం!"

మూర్తికి అప్పుడు వెలిగింది. జెలటిన్ సాగుతుంది, చైనా గ్రాస్ పెళుసు. రాయి విసిరినా అలాగే పగిలేది. మిగతా తూటాలన్నీ పందితోలు మీద, ఇదొక్కటే నాచు మీద. పక్కపక్కన రాయడానికి వీల్లేని అంకెలు అవి. అవి పక్కపక్కనే ఉన్న కాగితం కింద తన పేరు.

సోమవారం యూనివర్సిటీ నుంచి వచ్చి, షెడ్డులో ఉన్న మెర్వ్‌కి జరిగిందంతా చెప్పేశాడు.

"నాచా? నా తూటాను సముద్రపు నాచులోకి కాల్పించావా?" మెర్వ్ మొహం చిట్లించాడు. అంతకంటే మురికిపని తానెన్నడూ వినలేదన్నట్టు చూశాడు.

"పందితోలు నేను ముట్టలేనండీ."

"నెలరోజులు ముట్టావుగా." మెర్వ్ గొంతు తగ్గించాడు. "పోనీలే. ఇప్పటికే అందరికీ చెప్పేశాను. నువ్వూ నేనూ తప్ప ఎవరికీ తెలీదు. సంతకం పెట్టు. పెట్టకపోతే శనివారానికల్లా గది ఖాళీ చెయ్యి."

మూర్తికి గిన్నె కంపు ముందు ఎప్పుడూ కలగనంత ఏవగింపు ఆ మాటకు కలిగింది. అందులో సగం తన మీదే. పసుపు కలిపింది తనేగా!

"పొడి డబ్బా ఇంకొకటి ఇవ్వండి. నేనే మళ్ళీ వండుతాను," అన్నాడు.

మెర్వ్ సంతోషంగానే ఇచ్చాడు. తన తూటా మళ్ళీ గెలుస్తుందని ఆయన ధీమా. మూర్తి ముక్కుకు తువ్వాలు కట్టుకుని, అన్నీ తెలిసి, పందితోలు జెల్లీ వండాడు. రెండుసార్లు బయటికి పరిగెత్తి కంచె పక్కన వాంతి చేసుకున్నాడు. కోళ్ళు వచ్చి శుభ్రం చేశాయి. అది చూసి మూడోసారి.

శనివారం తూటా పేలింది. దిమ్మ పగల్లేదు. మూర్తి చిల్లులో వేళ్ళు పెట్టి సీసం ముక్కను లాగి, స్కేలు ఆనించాడు. కంపెనీ తూటాల కన్నా అంగుళమున్నర తక్కువ లోతు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ లివర్ మాట ఎత్తలేదు. మూర్తి ఆ అంకె రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టి మెర్వ్ చేతికిచ్చాడు. మెర్వ్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది ఏ పత్రికలోనూ రాలేదు.

ఆ సాయంత్రమే గది పోయింది. మూర్తి ట్రంకుపెట్టెతో, టైప్‌రైటర్‌తో వెస్ట్‌మీడ్ వెళ్ళాడు. "రారా అయ్యోరూ, కొంచెం పంది వాసనొస్తున్నావు," అని రాయప్ప తలుపు తీశాడు. ఇస్త్రీబల్ల మీద టైప్‌రైటర్ పెట్టుకుని, నలుగురి గురకల మధ్య, నిలబడి థీసిస్ కొట్టాడు. నాలుగు వారాలు ఆలస్యమైంది. గైడు చేత తిట్లు తిన్నాడు. పాసయ్యాడు.

ఇదంతా రాశాక నేను ఆయన్ని అడిగాను. "సంతకం పెట్టేసి హాయిగా ఆ గదిలోనే ఉండొచ్చుగా తాతా? చదివేది ఆ పాతికమంది ముసలాళ్ళే. అబద్ధమని ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదరా గాడిదా. ఇంక ఆ మాట ఎత్తకు, కడుపులో తిప్పుతోంది."