తలుపు అవతల మా సారు

పోయిన గురువారం పొద్దున పిల్లలకు టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే ఫోన్ వచ్చింది. ఆళ్లగడ్డ బడిలో మాకు ఇంగ్లీషు చెప్పిన సారు నంద్యాల ఆసుపత్రిలో పోయారు. ముందురోజు సాయంత్రమే చూసి వచ్చాను. ఆ సాయంత్రం నన్నింకా వదల్లేదు.

యాడ్‌వర్బులు చెప్పడం మా సారుకే చెల్లింది. పుస్తకం మూసేసి, బయటికి వెళ్లి, తలుపు వేసుకుని కొట్టేవారు. కొట్టింది ఎవరో మాకు తెలుసు. ఎలా కొట్టారో చెప్పాలి. "సాఫ్ట్‌లీ" అని ఒకరు, "యాంగ్రిలీ" అని ఒకరు అరిచేవాళ్లం. అప్పుడు తలుపు తెరిచి తల లోపలికి పెట్టేవారు. ఒప్పయితే కళ్లజోడు పైకి నెట్టుకుని నవ్వేవారు. తప్పయితే, "నీ తలకాయ! మళ్లా ఇను," అని ధడాలున తలుపు వేసేవారు. మేం ఆ చప్పుడుకూ ఒక మాట అరిచేవాళ్లం.

పక్క వీధిలో శిల్పులు రాయి చెక్కే చప్పుడు క్లాసులోకి వచ్చేది. మిగతా అయ్యవార్లు విసుక్కుని కిటికీ మూయించేవారు. ఈయన తెరిపించేవారు. "ఆ సుత్తి యాడ పడతాంది, ఎప్పుడు పడతాంది, ఎట్ల పడతాంది? అడగండప్పా. అన్నిటికీ జవాబు యాడ్‌వర్బే." విగ్రహం ముక్కు దగ్గరికి వచ్చేసరికి దెబ్బ ఎలా మెత్తబడుతుందో నేను ఆ కిటికీ దగ్గరే విన్నాను.

చివర ఎల్, వై కనబడగానే చేతులెత్తే మమ్మల్ని చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. "ఏందీ, తోక చూసి ఎద్దో గుర్రమో చెప్తావా? ఫ్రెండ్లీకి తోకుంది, అది యాడ్‌వర్బు కాదు. రన్ ఫాస్ట్ అంటే ఫాస్ట్‌కు తోక లేదు, అది యాడ్‌వర్బే. యాడుండి ఏం పని చేస్తాందో చూడు."

ఇంకో మాట కూడా అనేవారు. "ఏం చేసినాడో ఊరంతా చెప్తాది. ఎట్ల చేసినాడో పక్కనుండే వాళ్లకే తెలుస్తాది."

పక్షవాతంతో సారుకు మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. ఆ బుధవారం సాయంత్రం నేను ఆసుపత్రికి వెళ్లేసరికి కళ్లు మూసుకుని, ఎడమచేతి వేలి కణుపుతో మంచం ఇనుప కమ్మీ మీద కొడుతున్నారు. కాసేపు ఆగి మళ్లీ కొడుతున్నారు. సారు భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"పొద్దున్నుంచి ఇట్లనే కొడతాండాడు పాపా. నొప్పికి కొడతాండాడేమో. డాక్టర్లేమో చెప్పలేమంటాండారు. నువ్వు ఆయన దగ్గర చదువుకున్నదానివి. ఎట్ల కొడతాండాడో నువ్వు చెప్పు."

కమ్మీకి చెవి ఆనించి విన్నాను. ఆమె నా మొహమే చూస్తున్నారు.

"నొప్పితో కాదమ్మా. నిమ్మళంగా కొడతాండారు," అన్నాను.

ఆమె మంచం పక్కన కూలబడి, పొద్దున్నుంచి ముట్టని రొట్టె తీసి తిన్నారు. మర్నాడు ఆళ్లగడ్డలో, సారును ఆఖరిసారి చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ నా ముందే ఒకటే చెప్పారు. "నిమ్మళంగా పోయినాడు. ఈ పాపే విని చెప్పింది."

అలా చెప్పినప్పుడల్లా నన్ను నేనే అడిగాను. నేను విన్నది అదేనా? ఆమె కళ్లు చూసి ఆ మాట అన్నానా? నాకు తెలియదు.

ఇప్పుడు పాలవాడు తలుపు కొట్టినా వెంటనే తీయలేను. చెవి పెట్టి నిలబడతాను. క్లాసులో మేం జవాబు చెప్పగానే తలుపు తెరుచుకునేది. ఈసారి జవాబు చెప్పేశాను సార్. తలుపు మూసే ఉంది.